శవాన్ని ముట్టింది ఎవరు? పేరు వచ్చింది ఎవరికి?



ఊరి బడిలో కులం గురించి పోయిన భాగంలో రాశాను. అది చదివి నలుగురైదుగురు మెడికల్ స్టూడెంట్లు ఫోన్ చేశారు. "అక్కా, మా కాలేజీల సంగతి కూడా రాయండి" అన్నారు. నేనూ డాక్టర్నే, కాకపోతే తెలుగు సాహిత్యంలో. జ్వరం వస్తే నేను కూడా వేరే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. అందుకని వైద్యం జోలికి పోను. వైద్యవిద్యలో కులం ఎక్కడ కూర్చుందో, ఎప్పటి నుంచి కూర్చుందో చెప్తాను. కొంచెం పెద్ద వ్యాసం. ఓపిగ్గా చదవండి.

ఎంబీబీఎస్ చదువు శవం దగ్గర మొదలవుతుంది. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. కాసేపు లెక్చర్లు, తర్వాత డిసెక్షన్ హాలు. బల్ల మీద ఫార్మలిన్‌లో నానిన శవం, చుట్టూ తెల్లకోట్లు వేసుకున్న పద్దెనిమిదేళ్ల పిల్లలు. కళ్లు మండుతాయి, ముక్కు మండుతుంది. మధ్యాహ్నం మెస్సులో అన్నం కలుపుకుంటే చేతికి అదే వాసన. కొన్ని వారాలకు అలవాటవుతుంది. ఈ మధ్య చాలా కాలేజీల్లో మొదటిరోజు శవం ముందు నిలబెట్టి ప్రమాణం చేయిస్తున్నారు. ఈ దేహమే మీ మొదటి గురువు అని చెప్తున్నారు. మంచి పద్ధతే.

నా ప్రశ్న వేరు. శవాన్ని ముట్టడం ఈ దేశంలో ఎప్పటి నుంచి గౌరవం అయింది? ఎవరికి అయింది?

మనుస్మృతి ఐదో అధ్యాయం చూడండి. చండాలుణ్ణి, ముట్టులో ఉన్న స్త్రీని, బాలింతను, శవాన్ని, శవాన్ని ముట్టినవాణ్ణి తాకితే స్నానం చేయాలంటుంది. మనిషినీ పీనుగునీ ఒకే వరసలో పెట్టింది. పదో అధ్యాయం ఇంకో అడుగు వేసింది. బంధువులు లేని శవాలను చండాలురే మోసుకుపోవాలని చెప్పింది. ముందు శవాన్ని ముట్టడం మైల అన్నారు. తర్వాత ఆ పని ఒక కులానికి అప్పగించారు. ఆ పని చేస్తున్నారు కాబట్టి మీరు మైల అన్నారు. మహాడ్‌లో 1927 డిసెంబర్ 25న బాబాసాహెబ్ తగలబెట్టింది ఈ పుస్తకాన్నే.

వైద్యుణ్ణి కూడా మనువు వదల్లేదు. శ్రాద్ధానికి పిలవకూడనివాళ్లలో వైద్యుడున్నాడు. వైద్యుడు పెట్టే అన్నం చీముతో సమానమన్నాడు. ఈరోజు పెళ్లిసంబంధాల్లో డాక్టరు వరుడికి పలికే రేటు మనువు చూస్తే ఏమంటాడో!

"మన సుశ్రుతుడు ఎప్పుడో శవాన్ని కోసి చూపించాడు కదా" అని అడిగేవాళ్లుంటారు. నిజమే. శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, పారే నీళ్లలో ఏడు రాత్రులు ఉంచి, తర్వాత కుంచెతో మెల్లగా గీకుతూ చర్మం నుంచి లోపలి భాగాల దాకా చూడాలని సుశ్రుత సంహిత శారీరస్థానంలో ఉంది. గొప్ప విషయమే. కానీ చేత్తో ముట్టి, కోసి నేర్చుకునే ఆ చదువు శాస్త్రం చదివినవాళ్ల దగ్గర మిగల్లేదు. మన ఊళ్లలో కురుపు కోసింది మంగలి. బొడ్డు కోసింది మంత్రసాని. చచ్చిన గొడ్డును విప్పి ఏ నరం ఎక్కడ పోతుందో, ఏ కీలు ఎక్కడ ఊడుతుందో చూసింది మాదిగ. దాన్ని ఎవరూ జ్ఞానం అనలేదు. కులవృత్తి అన్నారు.

ఇక కలకత్తాకు పోదాం.

ఇంగ్లీషు దొరలు 1822లో కలకత్తాలో నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టారు. అక్కడ దేశభాషల్లో వైద్యం చెప్పేవారు. 1835లో గవర్నర్ జనరల్ బెంటింక్ దాన్ని మూసేసి, ఇంగ్లీషులో పాశ్చాత్య వైద్యం నేర్పడానికి కలకత్తా మెడికల్ కాలేజీ పెట్టాడు. మద్రాసులో మెడికల్ స్కూలు మొదలైంది కూడా అదే ఏడాది. కలకత్తా కాలేజీలో కుల మత భేదం లేకుండా 14 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లను చేర్చుకుంటామన్నారు. చదవడానికి బాగుంది. కానీ కింద ఒక షరతుంది. ఇంగ్లీషు చదవడం రాయడం రావాలి, దాంతోపాటు బెంగాలీ గానీ హిందుస్తానీ గానీ రావాలి. 1835లో కలకత్తాలో ఇంగ్లీషు వచ్చిన డోమ్ కుర్రాడు ఎక్కడుంటాడు? కాగితం మీద గేటు తెరిచే ఉంది. గేటు దాకా రోడ్డే లేదు. ఇవాళ మెరిట్ గురించి మాట్లాడేవాళ్లకు ఈ సంగతి గుర్తుచేయండి.

1836లో ఆ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోశాడు. ఆయన బెంగాల్‌లో వైద్యవృత్తి ఉన్న బైద్య కులస్తుడు. సంస్కృత కాలేజీలో ఆయుర్వేదం చదివి, అక్కడే చెప్పి, మెడికల్ కాలేజీకి వచ్చాడు. గుడ్‌ఈవ్ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ దగ్గరుండగా, కొందరు విద్యార్థులు చూస్తుండగా కత్తి పట్టాడు. ఆయన గౌరవార్థం ఫోర్ట్ విలియం కోటలో ఫిరంగులు పేల్చారని చెప్పుకుంటారు. ఫిరంగుల మాట నిజమో కథో గానీ, ఆయన చిత్తరువు గీయించి కాలేజీలో పెట్టిన మాట నిజం. ఆధునిక భారత వైద్యవిద్య పుట్టిన రోజుగా దాన్ని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. 1837లో ఆ కాలేజీలో 60 శవాలను కోస్తే, 1844 నాటికి ఆ లెక్క 500 దాటింది.

మధుసూదన్ గుప్తాను నేను చిన్నచూపు చూడను. ఆ రోజుల్లో వెలి పడే ప్రమాదం తెలిసే ఆ పని చేశాడు. దానికి ధైర్యం కావాలి. నేను అడిగేది ఆ గదిలో ఉన్న మిగతా మనుషుల సంగతి.

ఆ శవం దానంతటదే నడిచొచ్చి బల్ల మీద పడుకోలేదు. ఎవరో మోసుకొచ్చారు. కడిగారు. కోత అయ్యాక మిగిలింది మూటగట్టి తీసుకుపోయారు. కలకత్తాలో ఆ పని డోమ్‌లది. బెంగాల్‌లో వాళ్లు షెడ్యూల్డ్ కులం. ఏడాదికి 500 శవాలంటే 500 సార్లు ఆ చేతులు ముట్టాయి. బల్లకు ఈ పక్క నిలబడి ముట్టినవాడికి చిత్తరువు దక్కింది. ఆ పక్క నిలబడి ముట్టినవాడి పేరు కూడా ఎవరూ రాసుకోలేదు. శవం ఒకటే, గది ఒకటే, మైల మాత్రం ఒక్కడికే అంటింది.

ఇదంతా పాత సంగతి అనుకోకండి. బెంగాల్ ఆసుపత్రుల మార్చురీల్లో శవాలు చూసే ఉద్యోగిని ఇప్పటికీ 'డోమ్' అనే పిలుస్తారు. కులం పేరే పోస్టు పేరు. 2021లో కోల్‌కతాలోని నీల్ రతన్ సర్కార్ మెడికల్ కాలేజీలో అలాంటివి 6 పోస్టులు పడితే సుమారు 8 వేల దరఖాస్తులు వచ్చాయి. అందులో ఇంజినీర్లు, పీజీలు చదివినవాళ్లు ఉన్నారని పేపర్లు ఆశ్చర్యపోయాయి. ఒక ప్రభుత్వ ఉద్యోగాన్ని కులం పేరుతో ఎందుకు పిలుస్తున్నారని ఆశ్చర్యపోయినవాళ్లు తక్కువ.

ఇప్పుడు నా సబ్జెక్టులోకి వస్తాను. నేను క్లాసులో హరిశ్చంద్ర కథ చెప్పేటప్పుడు ప్రతి ఏడాదీ ఒక ప్రశ్న అడుగుతాను. ఆ కథను గౌరన ద్విపదలో రాశాడు, బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంగా రాశాడు. అంటరానితనం అనుభవించిన మన జాషువా శ్మశానవాటి పద్యాలు ఆ నాటకంలో చేరి ఊరూరా మోగాయి. రాజు కాటికాపరి అయ్యాడని తెల్లవార్లూ జనం ఏడ్చారు. నా ప్రశ్న ఏమిటంటే: హరిశ్చంద్రుడు ఆ పని చేసింది కొంతకాలమే కదా. అంతకుముందు ఆ కాటిలో పనిచేసినవాళ్ల కోసం, ఆ తర్వాత కూడా చేసినవాళ్ల కోసం ఎవరైనా ఏడ్చారా? రాజు శవం దగ్గర నిలబడితే త్యాగం. వీరబాహు కులం మొత్తం తరతరాలుగా నిలబడితే అది వాళ్ల కర్మ. కలకత్తాలో 1836లో జరిగింది, మన నాటకం స్టేజీ మీద జరిగింది ఒకటే. పైకులం చెయ్యి పడితే శవం పవిత్రమవుతుంది. మన చెయ్యి పడితే మనమే మైల.

కోస్తాలో వెట్టి అంటారు, తెలంగాణలో బేగరి అంటారు. మా తాత పల్నాడులో ఒక చిన్న ఊరికి వెట్టి. ఊళ్లో ఎవరు పోయినా చుట్టపక్కల ఊళ్లలోని బంధువులకు చావుకబురు మోయడం ఆయన పని. కట్టెలు మోయడం, గుంత తవ్వడం ఆయన పని. కూలి అంటే కాసిని గింజలు, పోయినవాళ్ల పాత పంచె. పెద్దకర్మ రోజు భోజనం దొడ్డి గోడ అవతల.

ఆ ఇంటి నుంచి మెడికల్ కాలేజీకి పోయిన మొదటివాడు మా తమ్ముడు. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. చేరిన వారంలోనే పక్క రూమ్ కుర్రాడు "నీ ర్యాంకెంత?" అని అడిగాడట. మెడికల్, ఇంజినీరింగ్ చదివే మన పిల్లలందరికీ తెలుసు, అది ర్యాంకు అడగడం కాదు, కులం అడగడం. మొదటిరోజు డిసెక్షన్ హాల్లో ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. మావాడు నిలబడ్డాడు. అదే బల్ల దగ్గరున్న ఒకడు నవ్వుతూ "నీకేంలేరా, మీకు అలవాటేగా" అన్నాడు. ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేసి ఇది చెప్పి, "అక్కా, వాడు తాత గురించి ఎలా కనుక్కున్నాడు?" అని అడిగాడు. వాడు కనుక్కోలేదు. వాడికి తెలిసింది కులం ఒక్కటే. మిగతాది సమాజం వాడికి ముందే నేర్పింది.

ఆ హాల్లో ఒక అటెండర్ ఉండేవాడు. తొట్టిలోంచి శవాన్ని పైకి తీసేది, బల్ల మీద పెట్టేది, సాయంత్రం గుడ్డ కప్పేది ఆయనే. వైవా ముందురోజు పిల్లలు ఆయన చుట్టూ మూగేవాళ్లట. చంక దగ్గర చిక్కుపడ్డ దారాల్లాంటి నరాల్లో ఏది ఏదో వేలు పెట్టి చూపించేవాడు. ఇంగ్లీషు పేర్లు కూడా తప్పు లేకుండా చెప్పేవాడు. ఒకరోజు మావాణ్ణి పక్కకు పిలిచి "ఏ ఊరు నాయనా మనది?" అని అడిగాడు. ఊరు, వాడ చెప్పాక కాసేపు మాట్లాడలేదట. తర్వాత "మీ తాతలు గుంటలు తవ్వారు. నేను తొట్లోంచి తీస్తన్నా. నువ్వు కోసి చూసి నేర్చుకో నాయనా. నోరెత్తినోడి వంక చూడమాక, బల్ల వంక చూడు" అన్నాడట.

మావాడి బ్యాచ్‌లో సగం మంది ఆయన దగ్గర నేర్చుకుని పాసయ్యారు. డిపార్ట్‌మెంట్ గోడ మీద ప్రొఫెసర్ల ఫొటోలు వరసగా ఉన్నాయి. ఆయనది లేదు.

ఆ బల్ల మీద పడుకున్నది ఎవరో కూడా చూడండి. ఇంగ్లండులో 1832 అనాటమీ చట్టం ఎవరూ అడగని పేదల శవాలను, ముఖ్యంగా వర్క్‌హౌసుల్లో చనిపోయినవాళ్లను మెడికల్ స్కూళ్లకు ఇచ్చింది. మన దేశంలో 1949 నాటి బాంబే అనాటమీ చట్టం లాంటివి అదే దారిలో వచ్చాయి. ఎవరూ వచ్చి అడగని శవం కాలేజీకి పోతుంది. ఇప్పుడు దేహదానాలు పెరుగుతున్నాయి, సంతోషమే. కానీ ఇన్ని తరాల డాక్టర్లు దిక్కులేని పేదల దేహాల మీద చదువుకున్నారు. బంధువులు లేని శవం మనువు చేతిలో చండాలుడి పని, చట్టం చేతిలో డాక్టరు పాఠం.

శవాన్ని ముట్టడం సరే. మరి బతికున్న మనిషిని?

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఒక ఉత్తరం ఇచ్చారు. 1929 డిసెంబర్‌లో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఉత్తరం అది. రాసింది కాఠియావాడ్‌లో ఒక అంటరాని కులపు బడిపంతులు. ఆయన భార్య ప్రసవమై జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలు చెప్పగా, రెండు రూపాయల ఫీజు ఇస్తామన్నాక వచ్చాడు, అదీ వాడ బయటే చూస్తానన్న షరతు మీద. రెండు రోజుల బాలింతను బయటికి తీసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు. భర్త భార్యకు పెట్టాడు. మళ్లీ అదే వరసలో వెనక్కి పోయింది. నిమోనియా అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు. మళ్లీ రానన్నాడు. ఆమె చనిపోయింది.

చేతులు మారింది ఒక గాజు గొట్టం. దాని కొసన ఒక తల్లి ప్రాణం. వైద్యం తెలిసినవాడికి ఏ రోగం ముట్టుకుంటే అంటుతుందో, ఏది అంటదో తెలుసు. అయినా ఆమెను ముట్టలేదు. కాబట్టి అంటరానితనం శుభ్రతకు సంబంధించిందనీ, చదువుకుంటే పోతుందనీ ఎవరైనా చెప్తే ఈ థర్మామీటరు కథ చెప్పండి.

మన పిల్లలు ఆ తెల్లకోటు వేసుకోవడానికి ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. 1950 నాటికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 4, సీట్లు 330. విశాఖ, గుంటూరు కాలేజీలు అప్పటికి ఆ రాష్ట్రంలోవే. కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. దీని మీద చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ మహిళ కోర్టుకు వెళ్లింది. తన కులం వల్ల సీటు రాదని ఆమె వాదన. ఆమె అసలు మెడికల్ సీటుకు దరఖాస్తే చేయలేదన్నది సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. అయినా కేసు విన్నారు. 1951 ఏప్రిల్‌లో జీవో చెల్లదన్నారు. దాని మీద దక్షిణాదిలో ఆందోళనలు లేచాయి. అదే ఏడాది జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, 15(4) అధికరణ చేరింది. ఈ దేశంలో చదువులో రిజర్వేషన్లకు రాజ్యాంగంలో దారి వేసింది ఆ అధికరణే. అప్పుడు న్యాయశాఖ మంత్రి అంబేడ్కర్. రిజర్వేషన్ యుద్ధం మొదలైందే మెడికల్ సీటు దగ్గర. ఎందుకంటే శవాన్ని ముట్టే పనికి పోటీ లేదు, శవం దగ్గర చదివే సీటుకు పోటీ ఉంది.

సీటు వచ్చాక గోడ ఇంకో చోటికి జరిగింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ఫిర్యాదుల మీద కేంద్రం 2006లో సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2007లో నివేదిక వచ్చింది. వేధింపుల వల్ల మన పిల్లలు తమ గదులు వదిలి హాస్టళ్ల పై అంతస్తుల్లో ఒకచోట చేరాల్సి వచ్చిందని అందులో ఉంది. టీచర్ల నుంచి తగిన సాయం అందడం లేదని 69 శాతం మంది ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు చెప్పారు. పరీక్షల్లో ఎగ్జామినర్లు నేరుగానో డొంకతిరుగుడుగానో కులం అడిగారని 84 శాతం మంది చెప్పారు. ఊరవతల వాడ ఎయిమ్స్‌లో పై అంతస్తు ఎక్కింది, అంతే తేడా.

2019 మే 22న ముంబైలో గైనకాలజీ పీజీ చదువుతున్న ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వీ ఆత్మహత్య చేసుకుంది. కులం పేరుతో వేధించారన్న ఆరోపణ మీద ముగ్గురు సీనియర్ డాక్టర్లను అరెస్టు చేశారు. పాయల్ తల్లి ఆబిదా తడ్వీ, మన రోహిత్ తల్లి రాధిక వేముల కలిసి, క్యాంపస్‌లలో కులవివక్షను ఆపాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇద్దరు తల్లులు బిడ్డల్ని పోగొట్టుకుని, మీ కోసం కోర్టు మెట్లెక్కారు. ఈ మాట మర్చిపోవద్దు.

మెడికల్ కాలేజీల్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది కొంచెమే.

ర్యాంకు అడిగితే సిగ్గుపడొద్దు. మీ సీటు ఎవరి దయా కాదు. 1951 నుంచి రాజ్యాంగం వేసిన దారిలో వచ్చారు. వైవాలో ఇంటిపేరు, నాన్న చేసే పని అడిగితే తేదీ, టైము, అన్న మాట, పక్కన ఎవరున్నారో అదే రోజు రాసిపెట్టుకోండి. జ్ఞాపకం మీద నడిచే ఫిర్యాదు నిలబడదు, కాగితం నిలబడుతుంది. మీ కాలేజీలో ఎస్సీ ఎస్టీ సెల్ ఉందో లేదో, ఎవరు చూస్తున్నారో చేరిన మొదటి నెలలోనే కనుక్కోండి. 1989 అట్రాసిటీ చట్టం, దానికి 2015లో వచ్చిన సవరణ చదవండి. ఒంటరిగా గదిలో కూర్చోకండి. సీనియర్లలో మనవాళ్లను వెతుక్కోండి, జూనియర్లకు మీరు దొరకండి. మనసు బరువెక్కితే ఇంటికి ఫోన్ చేయండి, మాకు చేయండి, డాక్టరుకు చూపించుకోండి. మీరు చదివేది కూడా అదే కదా, నొప్పి దాచుకుంటే ముదురుతుందని.

ఇంకొకటి. మీ డిసెక్షన్ హాల్లో, మార్చురీలో, లేబర్ రూమ్‌లో ఊడ్చే, కడిగే, మోసే మనుషులుంటారు. వాళ్ల పేర్లు కనుక్కోండి. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాళ్లకు ఏం తెలుసో అడగండి, రాసుకోండి, రికార్డు చేయండి. 1836లో కలకత్తాలో ఆ శవాన్ని మోసిన డోమ్ పేరు మనకు ఇక దొరకదు. మీ కాలేజీలో ఉన్నవాళ్ల పేర్లు ఇప్పటికీ దొరుకుతాయి.

వచ్చే భాగంలో మంత్రసానుల గురించి రాస్తాను. మీ నాయనమ్మలు, అమ్మమ్మల్లో మంత్రసానులుంటే వాళ్లు చెప్పిన సంగతులు నాకు పంపండి.

జై భీమ్.